మోటారు సైకిలు థ్రాటిల్ స్ప్రింగు

థ్రాటిల్ స్ప్రింగు అనగా మోటారు సైకిలు కుడిచేతి పిడిని వదలిన వెంటనే ఇంజనులోకి గాలి వెళ్ళే మార్గాన్ని తిరిగి మూసివేసే స్ప్రింగు. థ్రాటిల్‌ను వాడుకలో యాక్సిలరేటర్ అనీ, దానిని తిప్పడాన్ని "రేసు ఇవ్వడం" అనీ అంటారు. పిడిని తిప్పినపుడు చేతికి తగిలే బరువుకు ప్రధాన మూలం ఈ స్ప్రింగే. దూర ప్రయాణాలలో మణికట్టు నొప్పి కలగడం వలన కొందరు వాహనదారులు దీనిని కత్తిరించి గానీ, మరొకటి అమర్చి గానీ పిడిని తేలిక చేసుకుంటారు. అయితే ఇది సౌకర్యానికి సంబంధించిన భాగం మాత్రమే కాదు. చేయి జారినా, వాహనదారుడు కిందపడినా ఇంజను వేగాన్ని తగ్గించేది ఇదే. కనుక పిడి తేలిక కావాలి, కాని మూసుకునే బలం తగ్గరాదు అన్నది ఇక్కడి అసలు సమస్య.

చరిత్ర

20వ శతాబ్దం తొలినాళ్ళలో అనేక బ్రిటిషు మోటారు సైకిళ్ళకు తిప్పే పిడికి బదులు హ్యాండిల్‌పై చిన్న మీట ఉండేది. దానిని ఎక్కడ ఉంచితే అక్కడే నిలిచేది. తిప్పే పిడి వచ్చిన తరువాత కూడా కొన్ని అమెరికా వాహనాలలో పిడి తనంతట తాను వెనుకకు రాకుండా ఘర్షణతో నిలిచే ఏర్పాటు ఉండేది. క్రమంగా తనంతట తాను మూసుకునే థ్రాటిల్ సర్వసాధారణమైంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల సమాఖ్య మోటారు వాహన భద్రతా ప్రమాణాలలో 123వది మోటారు సైకిళ్ళకు సంబంధించినది. దాని ప్రకారం చేయి తీయగానే పిడి సవ్యదిశలో తిరిగి ఇంజను కనీస వేగానికి (ఐడ్లింగు) రావాలి. కార్లు, లారీలకు వర్తించే 124వ ప్రమాణం థ్రాటిల్‌ను మూయగల శక్తి మూలాలు కనీసం రెండు ఉండాలని చెబుతుంది. స్లైడు కార్బురేటరు గల మోటారు సైకిలులో సాధారణంగా ఒకే స్ప్రింగు ఉంటుంది కనుక దాని బాధ్యత మరింత ఎక్కువ.

రకాలు

స్లైడు కార్బురేటరు: యమహా ఆర్‌ఎక్స్ 100, పాత యెజ్డీ, పాత బుల్లెట్ వంటి వాహనాలలో ఈ రకం ఉంది. గొట్టం ఆకారంలోని స్లైడు కార్బురేటరులో పైకి, కిందికి కదులుతుంది. పిడిని తిప్పితే కేబులు స్లైడును పైకి లాగుతుంది. స్లైడుపై ఉన్న పొడవైన స్ప్రింగు కుదించుకుపోయి, వదలగానే దానిని కిందికి నెడుతుంది.

బటర్‌ఫ్లై కవాటం: గుండ్రని రేకు ఒక ఇరుసుపై తిరిగి గాలి మార్గాన్ని తెరుస్తుంది. ఇరుసు చివర ఉండే మెలి స్ప్రింగు దానిని మూస్తుంది. పీడనంతో పనిచేసే (సి.వి.) కార్బురేటర్లలోను, ఇంధనాన్ని చిమ్మే థ్రాటిల్ బాడీలలోను ఈ ఏర్పాటు ఉంటుంది. సి.వి. కార్బురేటరు మూత కింద, పలుచని రబ్బరు పొరపై మరొక పొడవైన స్ప్రింగు కనిపిస్తుంది. దానికీ పిడి బరువుకూ సంబంధం లేదు. దానిని కత్తిరిస్తే పిడి తేలిక కాదు సరికదా, స్లైడు లేచే తీరు మారి ఇంధన మిశ్రమం చెడుతుంది.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్: ఇందులో పిడికీ కవాటానికీ మధ్య కేబులు సంబంధం ఉండదు. కవాటాన్ని చిన్న మోటారు తిప్పుతుంది. 2006 నమూనా యమహా వైజెడ్ఎఫ్-ఆర్6 ఈ పద్ధతి గల తొలి వాహనాలలో ఒకటి. ఇక్కడ పిడిలోని స్ప్రింగు వేరు, కవాటాన్ని మూసే స్ప్రింగు వేరు.

భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత కొత్త మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ ఇంధనాన్ని చిమ్మే పద్ధతికి మారాయి. అయినప్పటికీ స్లైడు కార్బురేటరు గల పాత వాహనాలు రోడ్లపై ఇంకా తిరుగుతున్నాయి. స్ప్రింగును కత్తిరించే ప్రయత్నాలు ఎక్కువగా వీటిపైనే జరుగుతాయి కనుక ఈ దిగువ వివరణ ముఖ్యంగా ఆ రకానికి సంబంధించినది.

భౌతిక సూత్రం

ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన నియమం ప్రకారం స్ప్రింగు చూపే బలం దాని కుదింపుకు అనులోమానుపాతంలో ఉంటుంది.

బలం = స్ప్రింగు స్థిరాంకం × కుదింపు

స్థిరాంకం తీగ వ్యాసపు నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలోను, చుట్టు వ్యాసపు ఘనానికి విలోమానుపాతంలోను, చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలోను ఉంటుంది. దీని నుండి రెండు ఫలితాలు వస్తాయి. మొదటిది, తీగ మందం 1 మి.మీ. నుండి 0.9 మి.మీ.కు తగ్గితే స్థిరాంకం 34 శాతం తగ్గుతుంది. రెండవది, చుట్లను కత్తిరిస్తే స్ప్రింగు మెత్తబడదు, మరింత గట్టిపడుతుంది. 20 చుట్లలో 4 తీసివేస్తే స్థిరాంకం 25 శాతం పెరుగుతుంది.

కత్తిరించిన తరువాత పిడి కొంత తేలికగా తోచడానికి కారణం వేరు. స్ప్రింగును కార్బురేటరులో అమర్చేటప్పుడే కొంత కుదించి పెడతారు. దీనిని ముందు కుదింపు అనవచ్చు. పొడవు తగ్గితే ఈ ముందు కుదింపు తగ్గుతుంది.

ఒక ఉదాహరణ

స్వేచ్ఛా పొడవు 100 మి.మీ., స్థిరాంకం మి.మీ.కు 0.2 న్యూటన్లు గల ఒక స్ప్రింగును 60 మి.మీ. స్థలంలో అమర్చారనుకుందాం. స్లైడు 20 మి.మీ. కదులుతుందనుకుందాం. థ్రాటిల్ మూసి ఉన్నపుడు కుదింపు 40 మి.మీ., బలం 8 న్యూటన్లు. పూర్తిగా తెరచినపుడు కుదింపు 60 మి.మీ., బలం 12 న్యూటన్లు.

ఇప్పుడు దాని పొడవులో పదవ వంతు కత్తిరిస్తే స్వేచ్ఛా పొడవు 90 మి.మీ., స్థిరాంకం సుమారు 0.222 అవుతాయి. మూసి ఉన్నపుడు బలం 6.7 న్యూటన్లకు, అనగా 17 శాతం తగ్గుతుంది. పూర్తిగా తెరచినపుడు 11.1 న్యూటన్లకు, అనగా 7 శాతం మాత్రమే తగ్గుతుంది. చేయి నొప్పి పుట్టేది థ్రాటిల్‌ను ఎక్కువగా తెరచి ఉంచినపుడు. స్లైడు పూర్తిగా మూసుకోవడానికి బలం కావలసినది చివరి కొద్ది మిల్లీమీటర్లలో. కత్తిరింపు వలన మేలు కావలసిన చోట స్వల్పంగా, నష్టం కలుగకూడని చోట ఎక్కువగా కలుగుతుంది.

దీనికి భిన్నంగా, స్థిరాంకం 0.13 గల మెత్తని స్ప్రింగును స్వేచ్ఛా పొడవు 121.5 మి.మీ. ఉండేలా ఎంచుకుంటే మూసి ఉన్నపుడు బలం 8 న్యూటన్లుగానే ఉంటుంది. పూర్తిగా తెరచినపుడు మాత్రం 10.6 న్యూటన్లు అవుతుంది. అనగా స్ప్రింగు పొట్టిది కాక మెత్తనిది, పొడవైనది కావాలి. అయితే పూర్తిగా కుదించినపుడు చుట్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. తగిలితే థ్రాటిల్ పూర్తిగా తెరచుకోదు.

స్లైడుపై ఇంజను లాగుడు

ఇంజను వేగంగా తిరుగుతున్నపుడు థ్రాటిల్ మూస్తే ఇంజను వైపు పాక్షిక శూన్యం ఏర్పడి స్లైడును ఒక పక్కకు లాగి గోడకు అదుముతుంది. 20 మి.మీ. రంధ్రం వైశాల్యం సుమారు 314 చదరపు మి.మీ. పీడన భేదం వాతావరణ పీడనంలో సగమైతే స్లైడుపై పక్కబలం సుమారు 16 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే స్లైడు కదలికకు అడ్డుపడే ఘర్షణ సుమారు 3 న్యూటన్లు.

పై ఉదాహరణలోని 8 న్యూటన్లలో ఈ 3 పోగా మిగిలిన 5 న్యూటన్లే కేబులును, పిడిని వెనుకకు లాగాలి. కత్తిరించిన స్ప్రింగుకు మిగిలేది 3.7 న్యూటన్లు మాత్రమే. స్లైడు అరిగినా, జిడ్డు లేదా దుమ్ము చేరినా ఇది ఇంకా తగ్గుతుంది. ఇంజను ఆపి ఉన్నపుడు ఈ పక్కబలం ఉండదు. కనుక ఇంటి ముంగిట చక్కగా మూసుకున్న స్లైడు రోడ్డుపై సరిగ్గా వేగం తగ్గించవలసిన క్షణంలో ఇరుక్కోవచ్చు.

పిడి బరువెక్కడానికి ఇతర కారణాలు

కొత్తలో తేలికగా ఉండి తరువాత బరువెక్కిన పిడి విషయంలో లోపం స్ప్రింగుది కాదు. స్ప్రింగు కాలంతో పాటు గట్టిపడదు. పెరిగేది ఘర్షణ. కేబులు వంపు తిరిగిన కొద్దీ ఘర్షణ హెచ్చవేత పద్ధతిలో పెరుగుతుంది. కేబులు మొత్తం వంపు 180 డిగ్రీలు ఉండి ఘర్షణ గుణకం 0.1 అయితే 8 న్యూటన్ల స్ప్రింగును ఎత్తడానికి పిడి వైపు సుమారు 11 న్యూటన్లు కావాలి. ఎండిపోయిన కేబులులో గుణకం 0.2కు పెరిగితే 15 న్యూటన్లు కావాలి. అదే సమయంలో పిడిని వెనుకకు లాగే బలం 5.8 నుండి 4.3 న్యూటన్లకు పడిపోతుంది. ఘర్షణ వలన తెరవడం బరువవుతుంది, మూసుకోవడం బలహీనమవుతుంది. అట్టి వాహనంలో స్ప్రింగును తేలిక చేస్తే మొదటి లోపం కనబడకుండా పోయి, రెండవది ఇంకా ముదురుతుంది.

కాబట్టి స్ప్రింగు జోలికి పోయే ముందు చూడవలసినవి:

* కేబులు తుప్పు పట్టడం, లోపలి పోగులు తెగడం. తెగిన పోగులు గల కేబులును మార్చవలసిందే.
* కేబులు తీవ్రంగా వంగడం, ట్యాంకు కింద నలగడం.
* పిడి గొట్టం లోపల దుమ్ము చేరడం, హ్యాండిల్ చివరి బరువుకు పిడి రబ్బరు రాసుకోవడం.
* స్లైడుపై ఎండిన పెట్రోలు జిగురు, గీతలు.
* రెండు స్ట్రోకుల వాహనాలలో ఆయిల్ పంపుకు వెళ్ళే కేబులు బిగుసుకోవడం.

పిడిని తేలిక చేసే మార్గాలు

కేబులు, పిడి గొట్టం శుభ్రపరచడం: ఖర్చు తక్కువ, ప్రమాదం లేదు. తెరవడం, మూసుకోవడం రెండూ మెరుగవుతాయి.

పిడి చక్రం మార్చడం: కేబులు చుట్టుకునే చక్రం వ్యాసార్థం 20 మి.మీ. నుండి 16 మి.మీ.కు తగ్గితే చేతి బలం 20 శాతం తగ్గుతుంది. స్ప్రింగు బలం మాత్రం తగ్గదు. దానికి బదులు పిడిని 57 డిగ్రీలు తిప్పే చోట 72 డిగ్రీలు తిప్పవలసి వస్తుంది. పని పరిమాణం ఒకటే.

లావు పిడి రబ్బరు లేదా అరచేతి ఆనిక: పట్టు సులభమవుతుంది. ఆనికపై చేయి ఉంచినపుడు గతుకులలో అనుకోకుండా రేసు పెరిగే అవకాశం ఉంది.

సరిపోయే మెత్తని స్ప్రింగు: పైన చెప్పినట్లు మూసిన స్థితిలోని బలం తగ్గనిది కావాలి. చివరలు చదునుగా ఉండాలి.

చేయకూడనివి: చుట్లు కత్తిరించడం, గ్యాసు మంటపై కాల్చడం, మెలి స్ప్రింగు కొక్కెమును వంచడం. కత్తిరించిన చివర ఏటవాలుగా ఉండి స్లైడును ఒక పక్కకు ఒరిగేలా నెడుతుంది. కాల్చిన స్ప్రింగు బిగువు కోల్పోయి కాలక్రమేణా కుంగిపోతుంది. వంచిన కొక్కెము ఆ చోటనే విరగవచ్చు. కొన్ని వాహనాలలో తెరవడానికి ఒకటి, మూయడానికి ఒకటి చొప్పున రెండు కేబుళ్ళు ఉంటాయి. మూసే కేబులు చేయి తిప్పితేనే పనిచేస్తుంది కనుక స్ప్రింగుకు ప్రత్యామ్నాయం కాదు.

పరీక్షలు

ఏ మార్పు చేసినా ఇంజను ఆపి ఉంచి పిడిని పావు, సగం, పూర్తిగా తెరచి వదలాలి. ప్రతిసారీ అది తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పి మళ్ళీ చూడాలి. తరువాత వాహనాన్ని స్టాండుపై ఉంచి ఇంజను నడిపించి, హ్యాండిల్ తిప్పినపుడు ఇంజను వేగం మారకుండా ఉన్నదేమో గమనించాలి. మారితే కేబులు బిగువుగా ఉన్నట్లు లెక్క. అనేక వాహనాల కరదీపికలు పిడి అంచు వద్ద 2 నుండి 6 మి.మీ. వదులు ఉండాలని సూచిస్తాయి.

ప్రయాణంలో థ్రాటిల్ ఇరుక్కుంటే క్లచ్ నొక్కి, ఇంజను ఆపే స్విచ్చు వేసి, బ్రేకులతో రోడ్డు పక్కకు చేరాలి. స్విచ్చు లేని పాత వాహనాలలో క్లచ్ నొక్కిన వెంటనే తాళం చెవితో ఇంజను ఆపవచ్చు. కాని హ్యాండిల్ తాళం కూడా అదే చెవితో పడే వాహనాలలో చెవిని ఆ స్థానం వరకు తిప్పరాదు.

ఇవి కూడా చూడండి

* కార్బురేటరు
* హుక్ నియమం
* ఘర్షణ
* మోటారు సైకిలు