సింహాలకు హాజరు పట్టీ

పిల్లలూ! బడిలో ఉపాధ్యాయుడు ఉదయాన్నే పేర్లు పిలుస్తాడు. మీరు "వచ్చానండీ!" అంటారు. ఎవరు వచ్చిందీ, ఎవరు రానిదీ పట్టీలోకి ఎక్కుతుంది. అడవిలో సింహాలకు ఇదే పని చెయ్యాలంటే ఎట్లా? పేరు పెట్టి పిలిస్తే సింహం పలకదు. అది రోజులో ఇరవై గంటలదాకా నీడన పడుకునే ఉంటుంది. పైగా, చూడబోతే అన్నీ ఒకే రంగు!

అయినా ఈ పని చేసినవారున్నారు. ఆఫ్రికా ఖండంలో తూర్పు వైపున టాంజానియా అనే దేశం ఉన్నది. అందులో సెరెంగెటి అనే గొప్ప గడ్డి మైదానం ఉన్నది. 1966లో జార్జ్ షాలర్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్ళి, మూడేళ్ళపాటు సింహాల వెంట తిరిగి, చూసినదంతా రాసిపెట్టాడు. ఆయన తరవాత ఆ పని ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వెళ్ళింది. 1978లో క్రెయిగ్ పాకర్, ఆన్ ప్యూసీ అనేవారు దాన్ని అందుకుని చాలా ఏళ్ళు సాగించారు. అందుచేత అక్కడి ఎన్నో సింహాలకు తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో కూడా పుస్తకంలో ఉన్నది.

ఇంతకూ ఒక సింహాన్ని మరొక సింహంనుంచి ఎట్లా గుర్తుపడతారు? కవలపిల్లలను గుర్తుపట్టడానికి మా ఉపాధ్యాయులం ఒకడి బుగ్గమీద పుట్టుమచ్చ చూసుకునేవాళ్ళం. ఇదీ అటువంటిదే. సింహం మూతికి రెండు పక్కలా మీసాలు వరసలు తీరి ఉంటాయి. ప్రతి మీసం మొదట్లో ఒక నల్లని చుక్క ఉంటుంది. నిండుగా ఉన్న పై వరసకు ఇంకా పైన కొద్ది చుక్కలు విడివిడిగా కనపడతాయి. ఈ విడి చుక్కలు కింది వరసలో ఏయే చుక్కలకు ఎదురుగా ఉన్నాయో చూసి రాసుకుంటారు. ఆ అమరిక ఒక్కొక్క సింహానికి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. అది కూనగా ఉన్నప్పటినుంచి చచ్చేదాకా మారదు. చుక్కలతో సింహాలను గుర్తించే ఈ పద్ధతిని కోలిన్ పెన్నీకుయిక్, జుడిత్ రుడ్నాయ్ అనే ఇద్దరు 1970లో ప్రకటించారు.

చుక్కలతోపాటు చిరిగిన చెవి, విరిగిన కోర, మానిన గాయం తాలూకు మచ్చ కూడా రాసుకుంటారు. ముక్కు చూసి వయస్సు అంచనా వేస్తారు. చిన్నతనంలో గులాబిరంగుగా ఉండే ముక్కుమీద, వయస్సు పెరిగినకొద్దీ నల్లమచ్చలు పెరుగుతాయి.

మరి గుంపు ఎక్కడున్నదో తెలిసేదెట్లా? గుంపుకు ఒక ఆడసింహాన్ని ఎన్నుకుని, దానికి మత్తుమందు ఇచ్చి, మెడకు రేడియో పట్టీ కడతారు. ఆ పట్టీ "టిక్కు, టిక్కు" అని సంకేతాలు పంపుతూ ఉంటుంది. బండిమీద అమర్చిన ఏరియల్‌ను అటూ ఇటూ తిప్పి, చప్పుడు ఎటువైపు గట్టిగా వినిపిస్తే అటు వెళతారు. ఆడసింహానికే కట్టడం ఎందుకంటారా? ఆడవే గుంపుకు మూలం. తల్లులు, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు, పిన్నులు—అందరూ పుట్టినచోటనే కలిసి ఉంటారు. ఒకదాని కూనలు మరొకదాని దగ్గర పాలు తాగడం కూడా కద్దు. మగకూనలు మాత్రం మూడేళ్ళు వచ్చేసరికి అన్నదమ్ములతో కలిసి ఊరు విడిచి పోతాయి. బలం వచ్చాక వేరే గుంపులో చేరతాయి. తమకంటె బలమైనవి వస్తే అక్కడినుంచీ వెళ్ళిపోవలసిందే.

గుంపు అంటే అన్నీ ఎప్పుడూ ఒకేచోట ఉంటాయని అనుకోకండి. ఇవాళ మూడు ఇక్కడ, రెండు అక్కడ. రేపు మరొక విధంగా. అందుచేత ఒకనాడు కనపడనంతమాత్రాన ఏ సింహమూ చచ్చిందని రాయరు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూస్తారు.

ఇట్లా లెక్క తెలిసిన గుంపులు ఉండబట్టే ఒక వింత బయటపడింది. కారెన్ మెకూంబ్ అనే ఆమె, పాకర్, ప్యూసీలతో కలిసి, కొత్త ఆడసింహాల గర్జనలను యంత్రంలో పట్టి ఈ గుంపులకు వినిపించింది. వినపడిన గర్జన ఒక్కదానిదే అయితే ఇక్కడివి ధైర్యంగా ఎదురు వెళ్ళేవి. మూడు కలిసి గర్జిస్తే మాత్రం, తమ బలగం ఎంత ఉన్నదో చూసుకునిగాని కదిలేవి కావు. అంటే సింహాలకు కూడా కొంత లెక్క తెలుసునన్నమాట! ఈ సంగతి 1994లో అచ్చయింది.

ఆ 1994లోనే సెరెంగెటికి పెద్ద ఆపద వచ్చింది. సింహాలు మూర్ఛలు వచ్చి పడిపోసాగాయి. కొద్ది నెలల్లో మూడింట ఒక వంతు చచ్చాయి. పరీక్షించగా అది డిస్టెంపర్ అని తేలింది. అది కుక్కలకు వచ్చే జబ్బు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వేల కుక్కలున్నవి. అందుచేత ఆ కుక్కలకు టీకాలు వేసే పని ప్రారంభించారు.

కాని ఒక చిక్కు మిగిలింది. ఏళ్ళ తరబడి దాచి ఉంచిన సింహాల నెత్తురు పరీక్షించగా, ఈ జబ్బు అంతకుముందు కూడా వచ్చి పోయిందనీ, అప్పుడు ఇట్లా చావలేదనీ తెలిసింది. మరి ఈసారి ఎందుకు చచ్చాయి? 2008లో దీనికి జవాబు దొరికింది. 1993లో వానలు లేక అడవిదున్నలు చిక్కిపోయాయి. వాటిని పిడుదులు కమ్ముకున్నాయి. ఆ దున్నలను తిన్న సింహాలకూ పిడుదులు పట్టి, నెత్తురులో మరొక రోగం చేరింది. రెండు రోగాలూ ఒక్కసారే రావడంవల్ల సింహాలు తట్టుకోలేకపోయాయి. దశాబ్దాల లెక్కలు లేకపోతే ఈ సంగతి ఎవరికీ అంతుపట్టేది కాదు.

మన దేశంలో సింహాలు గుజరాత్‌లోని గిర్ అడవిలోనూ, దాని చుట్టుపక్కలా ఉన్నాయి. ఆసియా సింహాలు స్వేచ్ఛగా తిరిగే చోటు ప్రపంచంలో అదొక్కటే. అక్కడకూడా శాస్త్రజ్ఞులు మీసాల చుక్కలు చూసి సింహాలను గుర్తించారు. 2015లో 523 ఉన్నవి 2020లో 674 అయ్యాయి. 2025లో 891కి పెరిగాయి. మధ్యలో 2018లో అదే డిస్టెంపర్ గిర్‌లోనూ కనపడింది. కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చచ్చాయి. అధికారులు చుట్టుపక్కల ఉన్న సింహాలను పట్టి వేరుచేసి, పరదేశంనుంచి టీకామందు తెప్పించారు. ఏ సింహం ఎక్కడ తిరుగుతున్నదో, ఏది నలతగా ఉన్నదో రోజూ చూసేవారు ఉంటేనే ఇటువంటి పని సాధ్యం.

మీ ఊళ్ళో సింహాలు లేవు. కాని కుక్కలుంటాయి గదా! ఒక నోటుపుస్తకం తీసుకుని మీ వీధి కుక్కలకు హాజరు పట్టీ రాసి చూడండి. చెవి ఎట్లా ఉన్నది, మచ్చ ఎక్కడున్నది, ఏది దేనితో కలిసి తిరుగుతుంది—అన్నీ దూరంనుంచే చూసి రాయండి. వాటిని తాకవద్దు. నెల తిరిగేసరికి, రోజూ చూస్తూ కూడా మీకు తెలియని సంగతులు ఎన్నో తెలుస్తాయి. ఏ కుక్క అయినా నలతగా కనపడితే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. వారు పశువుల డాక్టరుకు కబురు చేస్తారు.