తిరుగు ప్రయాణానికి సన్నాహం: మిషనరీ కుటుంబాలు, వారు వదిలి వెళ్లిన పని

క్రైస్తవ మిషనరీల చరిత్ర రాసినవారు వారి రాకను గురించి విస్తారంగా రాశారు. ఓడ దిగిన రేవు, నేర్చుకున్న భాష, తెరిచిన బడి, కట్టిన ఆసుపత్రి, ఇవన్నీ ఆయా సంఘాల వార్షిక నివేదికల్లో ఏడాది వారీగా దొరుకుతాయి. వారు తిరిగి వెళ్లిన తీరును గురించి, ఆ ప్రయాణానికి ఇంటిల్లిపాదీ ఎలా సిద్ధపడ్డారో, వారు వెళ్లిపోయాక వారిని నమ్ముకున్న స్త్రీల పరిస్థితి ఏమైందో చెప్పే రాతలు అంత విరివిగా లేవు. పరాయి దేశంలో సేవ చేసిన కుటుంబాన్ని అంచనా వేయడానికి ఈ రెండో భాగమే గట్టి ఆధారం. ఏ పనైనా దాన్ని మొదలుపెట్టిన చేతులు తప్పుకున్నాకనే దాని అసలు బలం తెలుస్తుంది. దక్షిణ భారతంలో నాలుగు తరాలపాటు పనిచేసిన అమెరికన్ స్కడ్డర్ కుటుంబం ఈ పరిశీలనకు తగిన ఉదాహరణ.

ఆ వంశంలో మొదటివాడైన జాన్ స్కడ్డర్ న్యూయార్క్ నగరంలో వైద్యుడు. 1819లో భార్య హారియట్‌తో, పసిబిడ్డతో కలిసి ఓడెక్కి, కలకత్తా మీదుగా సింహళం చేరి, జాఫ్నా ప్రాంతంలో వైద్యశాల నడిపారు. అమెరికా నుంచి విదేశానికి వెళ్లిన తొలి వైద్య మిషనరీగా ఆయనకు గుర్తింపు ఉంది. ఆ పసిబిడ్డ సింహళం చేరనేలేదు, కలకత్తాలోనే మరణించింది. 1836లో మద్రాసుకు మారిన ఆ దంపతుల కుమారుల్లో ఏడుగురు మిషనరీలయ్యారు. 1853లో ఆ అన్నదమ్ములు స్థాపించిన ఆర్కాటు మిషన్ వేలూరు, రాణిపేట వంటి తమిళ ఊళ్లలోనే కాక మదనపల్లె, పలమనేరు వంటి తెలుగు ఊళ్లలోనూ పనిచేసింది. హారియట్ 1849లో మద్రాసులో కన్నుమూశారు. జాన్ ఆరోగ్యం కుదుటపడుతుందన్న ఆశతో దక్షిణాఫ్రికాకు వెళ్లి 1855లో అక్కడే మరణించారు. ఇద్దరిలో ఎవరికీ పుట్టిన నేలలో సమాధి దక్కలేదు. తొలి తరం మిషనరీ కుటుంబాల్లో చాలామంది కథ ఇలాగే ముగిసింది.

ఆ ఇళ్లలో ఇల్లాలి స్థానం విచిత్రమైనది. మిషన్ సంఘాల లెక్కల్లో భర్త మిషనరీ, ఆమె మిషనరీ భార్య. ఆమెకు విడిగా జీతం లేదు, హోదా లేదు. ఆడపిల్లల బడి, కుట్టుపని తరగతి, బంగళా గుమ్మం ముందు మందుల కోసం నిలబడిన తల్లులకు సమాధానం చెప్పడం, ఇవన్నీ మాత్రం ఆమె చేతుల మీదుగానే జరిగేవి. పురుష మిషనరీ అడుగుపెట్టలేని చోటు ఒకటుంది. అది పై వర్గాల ఇళ్లలో స్త్రీలు పరపురుషుల కంట పడకుండా ఉండే లోగిలి. ఉత్తరాదిన ఆ లోగిలిని జెనానా అనేవారు, తెలుగునాట ఆ ఆచారాన్ని ఘోషా అనేవారు. విశాఖపట్నంలోని ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని జనం నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. ఆ లోగిళ్లలోకి వెళ్లగలిగింది మరో స్త్రీ మాత్రమే కావడంతో మిషన్ సంఘాలు క్రమంగా పెళ్లికాని స్త్రీలను ఉపాధ్యాయినులుగా, వైద్యులుగా పంపసాగాయి. 1870లో బరేలీకి వచ్చిన క్లారా స్వేన్, 1883లో గుంటూరుకు వచ్చిన అన్నా కుగ్లర్ ఆ వరుసలోనివారు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి అమెరికన్ మిషనరీల్లో సగానికి పైగా స్త్రీలే.

స్వదేశానికి తిరిగి వెళ్లడమంటే రెండు వేర్వేరు విషయాలు. ఒకటి పని పూర్తిగా విరమించుకొని వెళ్లడం. రెండోది ఏడెనిమిదేళ్లకొకసారి దొరికే ఫర్లో, అంటే మిషన్ సంఘం ఇచ్చే దీర్ఘకాలపు సెలవు. పేరుకు సెలవే అయినా అందులో విశ్రాంతి తక్కువ. సెలవులో ఉన్న మిషనరీ ఊరూరా చర్చిలు తిరిగి, తాను చేస్తున్న పనిని వివరించి, చందాలు పోగుచేయాలి. దీన్ని డెప్యుటేషన్ అనేవారు. 1842 నుంచి నాలుగేళ్లు అమెరికాలో ఉన్న జాన్ స్కడ్డర్ ఆ కాలాన్ని ఎక్కువగా ప్రసంగాలకే, అందులోనూ పిల్లలతో మాట్లాడటానికే వెచ్చించారు. 1869లో సూయజ్ కాలువ తెరవక ముందు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్లే ప్రయాణానికి నెలలు పట్టేది కాబట్టి, ఫర్లోకు సిద్ధం కావడమంటే బడి రిజిస్టర్లు, మందుల లెక్కలు, జీతాల పుస్తకాలు, అనాథ పిల్లల బాధ్యత అన్నీ మరొకరికి అప్పగించడమే. ఆ మరొకరు దొరకక సెలవు వాయిదా వేసుకున్న కుటుంబాలు, సెలవుకు వెళ్లి వచ్చేసరికి బడి మూతబడిన కేంద్రాలు మిషన్ల చరిత్రలో కొత్త కాదు.

ఈ రాకపోకల భారమంతా పిల్లల మీద పడింది. ఎండలు, కలరా, మలేరియా, చదువు కొరత కారణంగా పసితనం దాటగానే పిల్లలను స్వదేశంలో బంధువుల దగ్గరో, ప్రత్యేక వసతి గృహంలోనో వదిలిరావడం ఆనాటి ఆచారం. ఇంగ్లండులో మిషనరీల కుమార్తెల కోసం 1838లో, కుమారుల కోసం 1842లో విడివిడిగా బడులు వెలిశాయి. దక్షిణ భారతంలో పనిచేస్తున్న అమెరికన్ కుటుంబాలు 1901లో కొడైకెనాల్‌లో బడి పెట్టుకున్నాక కొంత ఊరట దొరికింది. సముద్రాల ఆవల ఉండవలసిన బిడ్డ కొండ మీద ఉండసాగింది, వేసవిలో తల్లి ఒడికి చేరసాగింది. దేవుని పిలుపు పెద్దలది, ఎడబాటు పిల్లలది అన్న నిజాన్ని చాలాకాలం ఎవరూ పైకి అనలేదు. సేవ ఎంత గొప్పదైనా ఈ లెక్కను దాచిపెట్టడం న్యాయం కాదు.

ఐడా స్కడ్డర్ బాల్యం ఆ ఎడబాటుకు నిదర్శనం. జాన్ స్కడ్డర్ మనుమరాలైన ఐడా 1870లో రాణిపేటలో పుట్టారు. 1876-78 నాటి ఘోర కరవును చిన్నపిల్లగా కళ్లారా చూశారు. తరువాత కుటుంబం అమెరికా వెళ్లి నెబ్రాస్కాలో కొన్నేళ్లు గడిపింది. మొదట తండ్రి, ఆ తరువాత తల్లి సోఫియా ఇండియాకు తిరిగి రాగా ఐడా మాత్రం అమెరికాలోనే బంధువుల సంరక్షణలో మిగిలిపోయారు. మిషనరీ జీవితం తనకు అక్కర్లేదన్న పట్టుదల ఆమెకు ఆ రోజుల నుంచే ఉంది. తల్లికి జబ్బు చేయడంతో 1890లో తిండివనం వచ్చినప్పుడు కూడా కొద్దికాలం ఉండి వెళ్లిపోవాలన్నదే ఆమె ఉద్దేశం. అక్కడ ఒకే రాత్రి వేర్వేరు ఇళ్ల నుంచి ముగ్గురు మనుషులు వచ్చి, కాన్పు కష్టమై ప్రాణాల మీదికి వచ్చిన తమ భార్యలను చూడమని ఆమెను వేడుకున్నారు. తనకు వైద్యం తెలియదని, తండ్రిని పంపుతానని ఆమె చెప్పినా, పరపురుషుడు పురిటిగదిలోకి రావడానికి వారెవరూ ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆచారం ఒకవైపు, చదువుకున్న స్త్రీ వైద్యులు లేకపోవడం మరోవైపు ఆ ప్రాణాలను బలిగొన్నాయి. మొదటిదాన్ని బయటివారు ఒక్కరోజులో మార్చలేరు, రెండోదాన్ని మార్చగలరు. ఐడా అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొని, 1900లో వేలూరు చేరారు. అదే ఏడాది తండ్రి మరణించారు. బంగళాలోని ఒక చిన్న గదిలో మొదలైన ఆమె వైద్యం, ఒక అమెరికన్ దాత తన భార్య స్మృతిగా ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో 40 పడకల స్త్రీల ఆసుపత్రిగా ఎదిగింది.

ఒక్క డాక్టరు ఎన్ని కాన్పులు చూసినా చుట్టుపక్కల వందల ఊళ్లు అలాగే మిగిలిపోతాయని ఐడాకు త్వరలోనే అర్థమైంది. పల్లె దారుల వెంట చెట్ల కింద ఆగుతూ మందులివ్వడం ఆ కొరతను కొంతే తీర్చింది. అందుకే ఆమె 1909లో నర్సుల శిక్షణాలయాన్ని, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను ప్రారంభించారు. ఆడపిల్లలు చదవరని, చదివినా పరీక్ష గట్టెక్కరని వినిపించిన మాటలను తొలి తరగతిలో చేరిన విద్యార్థినులే అబద్ధం చేశారు. మిషనరీ వెళ్లిపోయినా పని ఆగకుండా ఉండే ఏర్పాటు అంటే ఇదే.

దీనికంటే పాత ఏర్పాటు మరొకటి ఉంది. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపిస్తూ, అక్షరాలు నేర్పుతూ, జబ్బు పడినవారిని ఆసుపత్రికి తీసుకొచ్చే స్థానిక క్రైస్తవ స్త్రీలను బైబిలు స్త్రీలు అనేవారు. వీరిలో వితంతువులు ఎందరో ఉండేవారు. ఆ చిన్న జీతం వారికి బతుకుతెరువు, తలెత్తుకుని నడిచే మర్యాద కూడా. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల సంఘాలు వీరి నడకతోనే పెరిగాయి. దొరసానమ్మకు తెలుగు యాస పట్టుబడక ముందే ఆమె తరఫున మాట్లాడినదీ, ఆమె ఫర్లోకు వెళ్లినప్పుడు బడి తలుపులు తెరిచినదీ వీరే. నివేదికల్లో మాత్రం చాలాచోట్ల వీరి సంఖ్య ఉంటుంది, పేరు ఉండదు.

పని సంగతి అలా ఉంచితే, తిరిగి వెళ్లినవారి మనస్థితిని శాస్త్రీయంగా పరిశీలించడం ఇరవయ్యో శతాబ్దం మధ్యలో మొదలైంది. కొత్త దేశానికి వెళ్లినవారిలో కలిగే కలవరాన్ని సాంస్కృతిక ఆఘాతం అన్న పేరుతో కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రజ్ఞుడు వివరించారు. స్వదేశానికి తిరిగి వచ్చాక అదే కలవరం మళ్లీ మొదటి నుంచి వస్తుందని 1963లో గల్లాహార్న్ దంపతులు చూపించారు. ఈ రెండోది మరింత బాధిస్తుంది. పరాయి దేశంలో ఇబ్బంది పడటం సహజమని ఎవరైనా ఒప్పుకుంటారు గానీ సొంత ఊళ్లో పరాయితనం అనుభవిస్తున్నామని చెబితే నమ్మేవారు అరుదు. 1950లలో ఇండియాలోని అమెరికన్ కుటుంబాలను పరిశీలించిన సమాజశాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్, తల్లిదండ్రుల సంస్కృతికీ తాము పెరిగిన నేల సంస్కృతికీ మధ్య పెరిగే పిల్లలను మూడో సంస్కృతి పిల్లలు అని పేర్కొన్నారు. పెద్దలకు అది తిరిగి వెళ్లడం, పిల్లలకు అది ఇల్లు విడిచి పోవడం. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో హైదరాబాదుకు మారిన తెలుగు కుటుంబాలకు ఈ స్థితి పరిచయమైనదే.

ఇటువంటి కుటుంబాలకు శిక్షణనిచ్చిన డేవిడ్ పోలాక్, బయలుదేరేముందు చేయవలసిన నాలుగు పనులు సూచించారు. మనస్పర్థలుంటే సర్దుబాటు చేసుకోవడం, మేలు చేసినవారికి ఆ మాట వారికి నేరుగా చెప్పడం, మనుషుల దగ్గరే కాక ఇల్లు, చెట్టు, పెంపుడు జంతువుల దగ్గర కూడా పిల్లలచేత సెలవు తీసుకునేలా చేయడం, వెళ్లబోయే చోటును గురించి ఆశలూ భయాలూ దాచకుండా ముందే మాట్లాడుకోవడం. వీటిలో మూడోదైన సెలవు తీసుకోవడం, మిషన్ ఇళ్లలో ఆశ్రయం పొందిన స్త్రీలకు సంబంధించినది కూడా. హింస నుంచో, అమ్మకం నుంచో, ఇంటివాళ్లు వెళ్లగొట్టడం వల్లో ఒకసారి అన్నీ పోగొట్టుకున్న మనిషికి, నమ్మిన అమ్మగారు హఠాత్తుగా మాయమవడం మళ్లీ అదే గాయం. ఎప్పుడు వెళ్తున్నారో, తరువాత ఎవరిని అడగాలో ఆమెకు నెలల ముందే తెలియాలి. కుటుంబం సర్దుకునే పెట్టెల కంటే ఈ సంగతి ముఖ్యం.

వేలూరులో పనిని ఇతరులకు అప్పగించడం జరిగింది. 1942లో ఎం.బి.బి.ఎస్. స్థాయికి ఎదిగిన కళాశాల బాధ్యత నుంచి ఐడా 1946లో తప్పుకొని, అమెరికా వెళ్లకుండా కొడైకెనాల్‌లో స్థిరపడి 1960లో అక్కడే కన్నుమూశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్దికాలానికే ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరైన వ్యక్తి విశాఖపట్నంలో 1890లో పుట్టిన తెలుగు మహిళ డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ప్రసూతి వైద్యంలో నిపుణురాలైన ఆమె అంతకుముందే ప్రభుత్వ మహిళా వైద్య సర్వీసులో నియమితురాలైన తొలి భారతీయురాలు; 1961లో పద్మశ్రీ అందుకున్నారు. 1819లో ఓడెక్కిన వైద్యుడు ఊహించని ఫలితం ఇది. స్కడ్డర్ వంశం చేసిన పనుల్లో ఏది నిలిచిందని అడిగితే, ఆ కుర్చీలో ఈ గడ్డ మీద పుట్టిన స్త్రీ కూర్చోగలగడమే అని చెప్పాలి.

హిల్డా లాజరస్ పేరు పుస్తకాల్లో ఉంది. బైబిలు స్త్రీల పేర్లు, తొలి నర్సుల పేర్లు, బంగళాల్లో దొరల పిల్లలను పెంచిన ఆయాల పేర్లు చాలావరకు లేవు. గుంటూరు, నెల్లూరు, ఒంగోలు, మదనపల్లె సంఘాల బీరువాల్లో పాత రిజిస్టర్లు, జీతాల పుస్తకాలు మిగిలి ఉంటే వాటిని చెదలు తినకముందే తెరిచి, ఆ స్త్రీల కుటుంబాల పెద్దవాళ్లు చెప్పేది రాసిపెట్టే బాధ్యత ఆయా సంఘాల పెద్దలదీ, అక్కడ చదువుకున్న యువతీయువకులదీ.