తడిసిన పోగు తెలిపిన రహస్యము

జీవకణముల నుండి జాగ్రత్తగా వేరుచేసిన డి.ఎన్.ఏ. నీటితో కలిసినప్పుడు చిక్కని జిగురుగా ఏర్పడును. ఆ జిగురును గాజుపుల్లతో ముట్టి మెల్లగా పైకి లాగినచో కంటికి కనబడీ కనబడనంత సన్నని పోగొకటి దాని వెంట సాగివచ్చును. చుట్టునున్న గాలిలో తేమ తక్కువగా నున్నంతసేపు ఆ పోగు ఒక నిడివి కలిగియుండి, తేమ యొకానొక మేరను దాటినంతనే తనంత తాను సాగి మరింత పొడవగును. గాలి మరల పొడిబారినచో మరల కుదించుకొనిపోవును. చూచుటకు అల్పముగా తోచు నీ మార్పు 20వ శతాబ్దపు జీవశాస్త్రమునకు మూలస్తంభమైన యొక ఆవిష్కరణమునకు ద్వారము తెరచినది. డి.ఎన్.ఏ. నిర్మాణము బయల్పడిన కథను మనము సాధారణముగా వినునది వేరొక విధముగా: 1953లో కేంబ్రిడ్జి నగరమున ఇరువురు మేధావులు అట్టముక్కలు పేర్చుచుండగా ఒక ఉదయమున సత్యము హఠాత్తుగా గోచరించినదని. ఆ ఉదయము నిజమే. కాని దానికి ముందు రెండేండ్లపాటు లండనులోని యొక నేలమాళిగలో ఆ పోగు తడిని కొలుచుచు, కాచుచు జరిగిన శ్రమను విడిచి ఆ కథను చెప్పుట, సత్యమున సగము మాత్రమే చెప్పుట యగునని నా నిశ్చితాభిప్రాయము.

డి.ఎన్.ఏ.ను మొట్టమొదట వేరుచేసినవాడు స్విట్జర్లాండు దేశీయుడగు ఫ్రీడ్రిష్ మీషర్. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున, ఒకప్పటి కోట వంటశాలను ప్రయోగశాలగా మార్చిన గదిలో, వైద్యశాల నుండి తెప్పించిన చీము పట్టిన కట్టుగుడ్డలను కడిగి, ఆ చీములోని తెల్ల రక్తకణముల కేంద్రకముల నుండి భాస్వరము సమృద్ధిగా గల యొక నూతన పదార్థమును తీసి, దానికి న్యూక్లిన్ అని పేరిడెను. తరువాత బహుకాలము దాని ఘనతను గుర్తించినవారు అరుదు. అందు చక్కెర, ఫాస్ఫేటు, నత్రజనితో కూడిన నాలుగు విధముల క్షారములు ఉన్నవని తేలినను, ఆ నాలుగు క్షారములును సమభాగములుగా ఒకే క్రమమున మరల మరల వచ్చునని ఫీబస్ లెవీన్ ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రబలియుండుటచే, ఇంత వైవిధ్యహీనమైన పదార్థము తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు మోసికొని పోజాలదనియు, ఆ భారము ప్రోటీనులదే యనియు శాస్త్రజ్ఞులు తలంచిరి. 1944లో న్యూయార్కు నగరపు రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆస్వాల్డ్ ఏవరీ, తన సహచరులగు మెక్లాయిడ్, మెకార్టీలతో కూడి, ప్రమాదకరమగు న్యుమోనియా సూక్ష్మజీవుల డి.ఎన్.ఏ.ను ప్రమాదరహితమగు జాతికి అందించినచో అదియు, దాని సంతతియు ప్రమాదకరముగా మారునని నిరూపించిన పిదపనే ఆ అభిప్రాయము సడలసాగెను. అప్పుడు రసాయనశాస్త్రమును దాటి జ్యామితికి చెందిన ప్రశ్న ముందునకు వచ్చినది: ఈ అణువు ఏ ఆకారమున నున్నది?

అణువుల ఆకారమును తెలిసికొనుటకు నాడు గల సాధనము ఎక్స్-కిరణములు. పరమాణువులు క్రమబద్ధముగా అమరియున్న పదార్థముపై ఈ కిరణములు పడినప్పుడు అవి నిర్ణీతదిశలకు చెదరి, వెనుకనున్న ఫోటో ఫలకముపై మచ్చల వరుసలుగా ముద్రితమగును. ఆ మచ్చల దూరములను, తీవ్రతలను బట్టి గణితమార్గమున లోపలి అమరికను ఊహింపవచ్చును. డి.ఎన్.ఏ. పోగులను ఈ పద్ధతిన చిత్రించుటకు 1938 నాటికే లీడ్సు విశ్వవిద్యాలయమున విలియం ఆస్ట్‌బరీ, ఫ్లోరెన్స్ బెల్ పూనుకొనిరి. క్షారములు ఒకదానిపై నొకటి 3.4 ఆంగ్‌స్ట్రాముల ఎడముతో పేర్చబడియున్నవని వారు గ్రహించిరి. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో 10 కోట్ల వంతు. అయితే వారి చిత్రములు మసకబారి, అంతకు మించి యేమియు స్పష్టముగా చెప్పజాలకపోయినవి. పొడి రూపము, తడి రూపము ఒకే పోగులో కలగలిసియుండి, రెండింటి ముద్రలును ఒకే ఫలకముపై ఒకదానిమీద నొకటి పడుచుండుటయే దానికి కారణమని నాడెవ్వరికిని తెలియదు.

1950లో బెర్న్ నగరపు రుడాల్ఫ్ సిగ్నర్ దూడల థైమస్ గ్రంథుల నుండి అత్యంత శ్రద్ధతో తీసిన మేలైన డి.ఎన్.ఏ.ను లండనులో పంచిపెట్టగా, అందులో కొంత కింగ్స్ కళాశాలకు చెందిన మారిస్ విల్కిన్స్‌కు లభించెను. అతడును, పరిశోధక విద్యార్థియగు రేమండ్ గాస్లింగును పోగును తడిగా నుంచి తీసిన చిత్రము అంతకుముందు వచ్చిన వానికంటె ఎంతో స్పష్టముగా నుండెను. తడికి గల ప్రాముఖ్యమును మొదట పసిగట్టిన గౌరవము వారిదే. కాని పసిగట్టుట వేరు, వశపరచుకొనుట వేరు. ఆ రెండవ కార్యమునకు తగిన వ్యక్తి 1951 జనవరిలో ఆ కళాశాలకు వచ్చిన రోజలిండ్ ఫ్రాంక్లిన్.

ఈమె 1920లో లండనులో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, యుద్ధకాలమున బొగ్గుపై పరిశోధించి, బొగ్గులోని అతిసూక్ష్మ రంధ్రములలోనికి ఏయే పరిమాణము గల అణువులు చొరగలవో కొలిచి పట్టము పొందెను. పిమ్మట పారిసులో ఎక్స్-కిరణముల విద్యయందు నిష్ణాతురాలయ్యెను. బొగ్గునకును, జీవపదార్థమునకును సంబంధమేమి యని చదువరులు శంకింపవచ్చును. ఘనపదార్థము లోపలికి వాయువులు, ద్రవములు ఎట్లు చొచ్చుకొనునో, వానిని ఎట్లు లెక్కింపవలెనో ఏండ్ల తరబడి అభ్యసించిన చేతికి, పోగులోని తేమను నియమించుట క్రొత్త పని కాలేదు. కెమెరాలోనికి పంపు ఉదజని వాయువును వేర్వేరు లవణముల ద్రావణముల గుండా బుడగలుగా పోనిచ్చి, ఏ లవణము నెన్నుకొన్న ఎంత ఆర్ద్రత ఏర్పడునో ముందే యెరిగి, ఆ ఆర్ద్రతను గంటల తరబడి చెదరకుండ నిలిపెను. అట్లు చేయగా తేలిన సంగతి యిది: ఆర్ద్రత 75 శాతము ప్రాంతమున నున్నప్పుడు డి.ఎన్.ఏ. స్ఫటికమువలె క్రమబద్ధమైన ‘ఎ’ రూపమున నుండును. 90 శాతమును మించినప్పుడు నీటిని మరింతగా పీల్చుకొని, సాగి, ‘బి’ రూపమును దాల్చును. ఆస్ట్‌బరీ చిత్రముల మసక అంతటితో విడిపోయినది.

దీని నుండి ఆమె తీసిన అనుమానమే ఆవిష్కరణమునకు మొదటి మెట్టని నేను భావింతును. నీరు ఇంత సులభముగా వచ్చి చేరుచు, ఇంత సులభముగా వెడలిపోవుచున్నదనగా, నీటిని ఆకర్షించు ఫాస్ఫేటు సమూహములు అణువునకు వెలుపలి వైపున, నీటికి అందునట్లు ఉండవలెను. నీటితో పొత్తు కుదరని క్షారములు లోపల దాగియుండవలెను. 1951 నవంబరులో ఆమె ఈ విషయములను ఒక ఉపన్యాసమున వివరించినప్పుడు శ్రోతలలో అమెరికా నుండి నూతనముగా కేంబ్రిడ్జికి వచ్చిన 23 ఏండ్ల జేమ్స్ వాట్సన్ ఉండెను. అతడు వ్రాసికొనక, గుర్తుంచుకొనిన దానిని మిత్రుడగు ఫ్రాన్సిస్ క్రిక్‌నకు చెప్పగా, ఇరువురును త్వరత్వరగా మూడు పేటల నమూనా నొకదానిని నిర్మించిరి. అందు ఫాస్ఫేటులు నడుమ నుండెను. వానిని లోహ అయానులు పట్టియుంచునని వారి యూహ. వాట్సన్ జ్ఞాపకమున నిలిచిన నీటి పరిమాణము ఆమె చెప్పినదానికంటె పలురెట్లు తక్కువ! చూచుటకు పిలువబడిన ఫ్రాంక్లిన్, ఆ అయానుల చుట్టు నీరు కమ్ముకొని యుండుననియు, అట్టి అయానులు దేనిని పట్టియుంచజాలవనియు అక్కడికక్కడే చెప్పెను. వారు పనిచేయుచున్న కావెండిష్ ప్రయోగశాల అధిపతి లారెన్స్ బ్రాగ్ ఆ ప్రయత్నము నంతటితో మానుడని వారిని ఆజ్ఞాపించెను.

లండనులో పరిస్థితి సుఖకరముగా లేదు. ఎక్స్-కిరణముల పని అంతయు ఫ్రాంక్లిన్‌కును గాస్లింగ్‌నకును చెందునని విభాగాధిపతి రాండల్ ఆమెకు లేఖ వ్రాసియుండెను. ఆ సంగతి విల్కిన్స్‌కు తెలియజేయలేదు. ఒకరు స్వతంత్ర పరిశోధకురాలినని, మరియొకరు ఆమె తనకు సహాయముగా వచ్చినదని తలంచుచుండగా, వారిరువురి నడుమ మాటలే కరవయ్యెను. తుదకు ‘ఎ’ రూపము ఆమెకును, ‘బి’ రూపము విల్కిన్స్‌కును అని పంపకము జరిగినది. ఎక్కువ మచ్చలు గల ‘ఎ’ రూపము ఎక్కువ సమాచార మిచ్చునని నమ్మి ఆమె సుదీర్ఘమైన గణితమున మునిగిపోయెను. ఆ నిర్ణయము శాస్త్రదృష్ట్యా న్యాయమైనదే. అయినను 1952 మే మాసమున, గాస్లింగ్ చేత, 60 గంటలకు పైగా కిరణములను ప్రసరింపజేసి తీయబడిన తడి రూపపు 51వ చిత్రము ఆ కారణముననే నెలల తరబడి ప్రక్కన నుండిపోయినదని తలంచునప్పుడు మనస్సు కలుక్కుమనును.

ఆ చిత్రమున ఏమున్నది? నడుమ నుండి నాలుగు మూలలకు పారిన మచ్చలు కత్తెర గుర్తుగా ఏర్పడినవి. వడిపెట్టి పేనిన మోకును ప్రక్కనుండి చూచినచో దాని పేటలు ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు వాలుచున్నట్లు కనబడును గదా! ఎక్స్-కిరణములు ఆ రెండు వాలులకును లంబముగా చెదరుటచే రెండు చారలు ఏర్పడి, ఒకదాని నొకటి ఖండించును. కనుక ఆ గుర్తు కుండలి యాకారమునకు నిదర్శనము. మచ్చల వరుసల ఎడమును బట్టి కుండలి ఒక చుట్టు తిరుగుటకు 34 ఆంగ్‌స్ట్రాములు పట్టునని తేలును. పైనను క్రిందను ప్రబలముగా నున్న మచ్చ 3.4 ఆంగ్‌స్ట్రాముల ఎడమును సూచించును గావున చుట్టునకు 10 మెట్లు. వరుసలలో నాలుగవది కనబడదు. పేటలు రెండుండి, వాని నడుమ దూరము చుట్టులో ఎనిమిదింట మూడు వంతులైనచో ఆ వరుసలోని తరంగములు ఒకదానినొకటి రద్దుచేసికొనును. లేని మచ్చకూడ ఇట్లు సాక్ష్యము పలికినది.

1953 జనవరిలో కాలిఫోర్నియా నుండి లైనస్ పాలింగ్ తన నమూనాను ప్రకటింపబోవుచున్నాడని తెలిసినది. ఆ మహారసాయనవేత్త సహితము మూడు పేటలను, నడుమ ఫాస్ఫేటులను ఊహించి, ఆ ఫాస్ఫేటులకు ఉదజనిని తగిలించుటచే ఆమ్లమునకు ఆమ్లగుణమే లేకుండ చేసెను. జనవరి 30వ తేదీన వాట్సన్ లండనునకు రాగా, విల్కిన్స్ అతనికి 51వ చిత్రమును చూపెను. ఫ్రాంక్లిన్‌కు ఆ సంగతి తెలియదు. అంతకంటె ముఖ్యమైనది, ఆమె కొలతలను సంగ్రహించిన కింగ్స్ కళాశాల నివేదిక యొకటి అదే కావెండిష్ ప్రయోగశాలకు చెందిన మాక్స్ పెరుట్జ్ ద్వారా క్రిక్ చేతికి చేరుట. అందున్న ‘ఎ’ రూపపు సౌష్ఠవము, క్రిక్ అదివరకే పరిశోధించుచున్న గుర్రపు హీమోగ్లోబిన్ స్ఫటికముల సౌష్ఠవమే. దానిని చూచినంతనే రెండు పేటలును పరస్పరము ఎదురు దిశలలో సాగవలెనని అతడు గ్రహించెను. కావున పొడి రూపముపై ఆమె పడిన శ్రమయు వ్యర్థము కాలేదు. అయితే ఆ ఫలము మొదట ఇతరుల చేత చిక్కినది. నివేదికపై రహస్యమను ముద్ర లేదని తరువాత సమర్థించినవారు కలరు. ముద్ర లేకపోయినను, ఆమెను ఒక్కమాట అడుగుటకు కేంబ్రిడ్జి లండనునకు దూరము కాదు. ఈ విషయమున వారు చేసినది తప్పని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

చిట్టచివరి ముడిని విప్పిన ఘనత మాత్రము సంపూర్ణముగా కేంబ్రిడ్జివారిదే. నాలుగు క్షారములలో ఎడినిన్, థైమిన్ సమపాళ్లలోను, గ్వానిన్, సైటోసిన్ సమపాళ్లలోను ఉండునని కొలంబియా విశ్వవిద్యాలయపు ఎర్విన్ షార్గాఫ్ 1950 నాటికే చూపియుండెను. దాని యర్థము మాత్రము ఎవ్వరికిని అంతుపట్టలేదు. పాఠ్యపుస్తకములలోని క్షారముల చిత్రములయందు ఉదజని పరమాణువులు తప్పుచోట్ల నున్నవని వాట్సన్, క్రిక్‌ల గదిలోనే పనిచేయుచున్న జెర్రీ డనహ్యూ హెచ్చరింపగా, ఫిబ్రవరి 28వ తేదీ ఉదయమున వాట్సన్ సవరించిన అట్టముక్కలను జతపరచి చూచెను. ఎడినిన్-థైమిన్ జతయు, గ్వానిన్-సైటోసిన్ జతయు ఉదజని బంధములతో కలిసి, వెడల్పునందు సరిసమానముగా నుండెను. ఏ జత యెక్కడ వచ్చినను కుండలి ఉబ్బదు, సన్నగిల్లదు. క్షారముల వరుస యెట్లయినను ఉండవచ్చును. ఆ వరుసయే సందేశమును మోయగలదు. పేటలు విడిపోయినప్పుడు ఒక్కొక్కటి తన జతను తిరిగి నిర్మించుకొనగలదు. ఈ రెండవ సంగతిని 1958లో మెసెల్సన్, స్టాల్ బరువైన నత్రజనితో ప్రయోగము చేసి ధ్రువపరచిరి.

1953 ఏప్రిల్ 25వ తేదీ ‘నేచర్’ పత్రికలో మూడు వ్యాసములు వరుసగా వెలువడెను: మొదటిది వాట్సన్, క్రిక్‌లది, రెండవది విల్కిన్స్, అతని సహచరులది, మూడవది ఫ్రాంక్లిన్, గాస్లింగ్‌లది. నిర్మాణమును ఊహించుటకు ఆధారమైన చిత్రము ఆ విధముగా, ఊహను బలపరచు సాక్ష్యము వలె చివర నిలిచినది. ఫ్రాంక్లిన్ ఫిబ్రవరి 24వ తేదీననే రెండు రూపములును రెండు పేటల కుండలులే యని తన పుస్తకమున వ్రాసికొనియుండెనని ఆమె సహచరుడగు ఆరన్ క్లూగ్ తరువాత పరిశీలించి వెల్లడించెను. ఆమె 1958లో, 37 ఏండ్ల వయస్సున, కాన్సరు వ్యాధితో మరణించెను. 1962లో నోబెల్ బహుమానము క్రిక్, వాట్సన్, విల్కిన్స్‌లకు లభించెను.

వాట్సన్, క్రిక్‌ల ఆ చిన్న వ్యాసమున నీటికి సంబంధించిన మాట యొకటి కలదు: ఈ నిర్మాణము లోపల సందులు గలదనియు, ఇందు నీరు అధికమనియు, నీరు తగ్గినచో క్షారములు వాలి నిర్మాణము దగ్గరపడుననియు. పోగు కుదించుకొనుటకు కారణ మదియే. ఆ నీరు ఎచ్చట నుండునో కచ్చితముగా చూపుటకు మరి 28 సంవత్సరములు పట్టినది. 1981లో, పాలింగ్ ఒకప్పుడు తన మూడు పేటల నమూనాను కట్టిన ఆ కాలిఫోర్నియా సంస్థలోనే, రిచర్డ్ డికర్సన్, హోరేస్ డ్రూ 12 జతల పొడవు గల కృత్రిమ డి.ఎన్.ఏ. స్ఫటికమును పరిశీలించి, కుండలి వెలుపల నుండు రెండు గాడులలో ఇరుకైన దానియందు, ఎడినిన్-థైమిన్ జతలున్న భాగము వెంబడి, నీటి అణువులు వరుసకట్టి నిలిచియున్నవని కనుగొనిరి.