స్కూటర్ సంరక్షణ: ఇంట్లో చేయదగినదేది, చేయకూడనిదేది?

ఉదయం బడి వేళకు జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా వీధి నిండా స్కూటర్లే. ముందు నిలబడ్డ పిల్లవాడు, వెనుక తల్లి, ఆమె ఒడిలో పసిబిడ్డ. కుటుంబాన్నంతటినీ మోసే ఆ వాహనం టైరులో గాలి చివరిసారి ఎప్పుడు చూశారని అడిగితే చాలా ఇళ్ళలో జవాబు దొరకదు.

గాలితోనే మొదలుపెడదాం. 110 సి.సి. స్కూటర్లు కొన్నింటిలో ముందు టైరుకు 22, వెనుక టైరుకు ఒక్కరే వెళ్తే 29, ఇద్దరైతే 36 పౌండ్ల గాలి ఉండాలి. మీ బండికి ఎంత కావాలో దానితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బండి నడిచి టైరు వేడెక్కితే మీటరు ఎక్కువ చూపుతుంది. కాబట్టి ఫజ్ర్ నమాజు తర్వాత, ఇంకా బయలుదేరక ముందే చూసుకోవడం మేలు.

బ్రేకు విషయంలో కొంత ఓపిక అవసరం. డ్రమ్ము బ్రేకు లీవరు చివర 10 నుండి 20 మిల్లీమీటర్ల వదులు ఉండడం సాధారణం. అంతకు మించితే వెనుక చక్రం వద్ద ఉన్న నట్టును కుడివైపుకు కొద్దికొద్దిగా బిగించాలి. బిగించాక డబుల్ స్టాండ్ వేసి, ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. ఈ చివరి పని మరచి ఒకసారి నేను నట్టు అతిగా బిగించాను. నాలుగు కిలోమీటర్లు వెళ్ళేసరికి డ్రమ్ము కాలిపోతున్న వాసన వచ్చింది. ఆ తప్పు పూర్తిగా నాదే. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు చక్రం పక్కనున్న బాణం గుర్తు, ఎదురుగా ఉన్న గీతను చేరితే లైనర్లు అరిగినట్లే. అప్పుడు ఎంత బిగించినా ఫలితం ఉండదు, వాటిని మార్పించాలి. డిస్కు బ్రేకు ద్రవం జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు.

ఇంజనాయిలు మొత్తం లీటరు కూడా ఉండదు. అందుకే వంద మిల్లీలీటర్లు తగ్గినా ప్రభావం పడుతుంది. ఇంజను రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి, కొలపుల్ల తుడిచి చూడాలి. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపరాదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. ఇక, పాత టూ స్ట్రోక్ బండ్లు నడిపిన పెద్దలు కొందరు అలవాటుకొద్దీ పెట్రోలులో ఆయిలు కలపమంటారు. నేటి ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు అది మేలు చేయదు సరికదా, ప్లగ్గుపై మసి పట్టిస్తుంది.

భూపాలపల్లి వారికి ప్రత్యేకంగా ఒక మాట. సింగరేణి గనుల నుండి బొగ్గు లారీలు తిరిగే దారుల్లో ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. పుస్తకంలో రాసిన దూరం మామూలు రోడ్లకు. దుమ్ము దారిలో అంతకన్నా ముందే మార్చాలి. నూనె పట్టించిన కాగితపు ఫిల్టరును కడగరాదు, గాలి కొట్టి దులపరాదు.

అన్నింటికన్నా పెద్ద నష్టం వరదతో వస్తుంది. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. ఇలాంటి వరదలో మునిగిన స్కూటరును ఒడ్డుకు చేర్చగానే ‘స్టార్టవుతుందేమో’ అని బటను నొక్కాలనిపిస్తుంది. దయచేసి నొక్కకండి, కిక్కూ కొట్టకండి. గాలిని నొక్కినట్లు నీటిని నొక్కలేం. సిలిండరులో నీరుంటే పిస్టన్ దానికి ఢీకొని కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. శుభ్రపరిస్తే తీరే పని ఇంజను విప్పే ఖర్చుగా మారుతుంది.

తాళంచెవి తీసి, బ్యాటరీ నెగెటివ్ తీగ ముందుగా విప్పండి. కొలపుల్ల మీద ఆయిలు పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీరు చేరినట్లే. రంగు మారకపోయినా సరే, ఫిల్టరు, ప్లగ్గు, బెల్టు గదిలోకి నీరు చేరిందో లేదో మెకానిక్ చూసేదాకా బండిని ట్రాలీలోనో, తోసుకుంటూనో తీసుకువెళ్ళండి. మునగకుండా లోతు తక్కువ నీటిలోంచి వచ్చిన బండికైతే, నెమ్మదిగా పోతూ బ్రేకును నాలుగైదు సార్లు తేలికగా నొక్కండి. లైనర్లు ఆరి పట్టు తిరిగి వచ్చాకే పిల్లల్ని ఎక్కించుకోండి.