ప్రసారానికి ముందే చేరిన టేపు... న్యాయవాది కుటుంబం బలి

ఆరోపణలు ఎదుర్కొంటున్న మత సంస్థ వాదన కూడా ప్రజలకు వినిపించడం పత్రికా ధర్మం. ఫిర్యాదుదారుల వాంగ్మూలాన్ని ప్రసారానికి ముందే ఆ సంస్థకు చూపించడం మాత్రం ధర్మం కాదు. జపాన్‌లోని ప్రముఖ టెలివిజన్ సంస్థ టీబీఎస్ 1989లో ఈ తేడాను విస్మరించింది. తొమ్మిది రోజులు తిరగకముందే ఒక న్యాయవాది కుటుంబం హత్యకు గురైంది.

షోకో అసహరా 1984లో టోక్యోలో యోగా తరగతులతో ప్రారంభించిన బృందమే తర్వాతి కాలంలో ఓం షిన్‌రిక్యోగా మారింది. హిమాలయాల్లో తనకు జ్ఞానోదయమైందని ఆయన చెప్పుకున్నారు. పేరులో ప్రణవం ఉన్నా, సంస్థ నడత వేరు. పిల్లలు ఇల్లు విడిచి వెళ్లిపోతున్నారని, ఆస్తులు విరాళాలుగా హరించుకుపోతున్నాయని తల్లిదండ్రులు మొరపెట్టుకున్నారు. 1989 ఆగస్టులో ఈ సంస్థకు మత సంస్థగా చట్టబద్ధ గుర్తింపు లభించింది. దాంతో అధికారులు జోక్యానికి మరింత వెనుకాడారు. అదే ఏడాది అక్టోబరులో సండే మైనిచి వారపత్రిక వరుస కథనాలతో ఆరోపణలను వెలుగులోకి తెచ్చింది.

బాధిత తల్లిదండ్రుల పక్షాన నిలిచిన వారిలో యొకొహామా న్యాయవాది సుత్సుమి సకమోటో ముఖ్యులు. గురువు రక్తంలో విశేష శక్తి ఉన్నట్లు క్యోటో విశ్వవిద్యాలయం పరీక్షల్లో తేలిందన్న ప్రచారాన్ని ఆయన ఆరా తీయగా అది బూటకమని తేలింది. ఆయనతో టీబీఎస్ ఇంటర్వ్యూ చిత్రీకరించింది. అక్టోబరు 26న సంస్థ ప్రతినిధులు టీబీఎస్ కార్యాలయానికి వెళ్లగా సిబ్బంది వారికి ఆ టేపు చూపించారు. ప్రసారం నిలిచిపోయింది. జరిగిన విషయాన్ని సకమోటోకు ఎవరూ తెలియజేయలేదు. నవంబరు 4 తెల్లవారుజామున సంస్థ సభ్యులు ఇంట్లోకి చొరబడి ఆయనను, భార్యను, ఏడాది వయసున్న కుమారుడిని హతమార్చారు.

ఇంట్లో సంస్థ బ్యాడ్జి దొరికినా పోలీసులు అదృశ్యం కేసుగానే పరిగణించారు. టేపు సంగతి వారికి తెలిసి ఉంటే దర్యాప్తు మరో దారి పట్టేది. టీబీఎస్ పెదవి విప్పలేదు. ఆరేళ్ల తర్వాత, 1995 సెప్టెంబరులో మూడు వేర్వేరు చోట్ల మృతదేహాలు వెలికితీశారు. మరుసటి నెలలో నిప్పన్ టీవీ టేపు విషయాన్ని బయటపెట్టగా టీబీఎస్ ఖండించింది. ఎట్టకేలకు 1996 మార్చి 25న అంగీకరించింది. టీబీఎస్ ఈ రోజు మరణించినట్లేనని ఆ సంస్థ వార్తా వ్యాఖ్యాత తెత్సుయా చికుషి అదే రాత్రి ప్రసారంలో వ్యాఖ్యానించారు. సంస్థ అధ్యక్షుడు పదవి నుంచి వైదొలిగారు.

ఒకచోట మౌనం ముప్పు తెస్తే మరోచోట తొందరపాటు నిరపరాధిని దోషిగా నిలబెట్టింది. 1994 జూన్ 27 రాత్రి మత్సుమోటో పట్టణంలో సారిన్ విషవాయువు ఏడుగురిని బలిగొంది. మొదట సమాచారం అందించిన స్థానికుడి ఇంట్లో రసాయనాలు ఉన్నాయన్న కారణంగా పోలీసులు సోదా చేశారు. పోలీసుల లీకులనే ఆధారంగా చేసుకుని పత్రికలు, టీవీలు ఆయనను నిందితుడిగా చిత్రించాయి. అప్పటికే ఆయన భార్య అదే విషవాయువుకు గురై స్పృహ కోల్పోయి ఉన్నారు. ఆమె కోలుకోకుండానే 2008లో మరణించారు.

1995 నూతన సంవత్సరం రోజున యోమియురి పత్రిక ఓం స్థావరం సమీపంలో సారిన్ అవశేషాలు దొరికాయని మొదటి పేజీలో ప్రచురించింది. మొదటి నుంచి సంస్థపై రాస్తూ వచ్చిన పాత్రికేయురాలు షోకో ఎగవ ఇంటిపై 1994లోనే విషవాయువు ప్రయోగం జరిగింది. అయినా ఆమె కలం ఆగలేదు. ఆరోపణలు రాయడానికి ఇతరులు ఎందుకు జంకారో ఈ ఒక్క ఘటన చెబుతుంది.

1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ దాడి జరిగింది. 13 మంది మరణించగా, వేలమంది అస్వస్థులయ్యారు. నాటి గాయాలతో మంచానపడిన మరో మహిళ 2020లో కన్నుమూశారు. దాడి తర్వాత గానీ మత్సుమోటో బాధితుడికి పత్రికలు క్షమాపణ చెప్పలేదు. అంతవరకు జంకిన టీవీలు అటుపై రోజంతా ఓం వార్తలతోనే నిండిపోయాయి. ఏప్రిల్ 23న సంస్థ కార్యాలయం ముందు గుమిగూడిన కెమెరాల ఎదుటే సంస్థ అగ్రనేత హిడియో మురాయి కత్తిపోట్లకు గురై మరణించారు. అసహరా సహా 13 మందికి 2018 జులైలో ఉరిశిక్ష అమలైంది.