కోడికి లేని కాపు బాతుకు గలదు

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున తణుకు మండలమందలి వేల్పూరులోను, ఏలూరు తాడేపల్లిగూడెముల నడుమనున్న బాదంపూడిలోను కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ అయినది. ఇదే జాతి వైరస్ సోకినను పెక్కు బాతులు ఏ జబ్బు లక్షణమును చూపక తిరుగుచుండును. దీనికి కారణమేమి?

వైరస్ ప్రవేశించిన జీవకణము ఇంటర్ఫెరాన్ అను పదార్థమును వెలువరించును. అది స్వయముగా వైరస్‌ను చంపదు. దొంగ వచ్చెనని తలారి కేక వేయగా ఇరుగుపొరుగువారు తలుపులు బిగించుకొనునట్లు, ప్రక్క కణములను జాగ్రత్తపరచును. 1957లో లండను నగరమున ఐజాక్స్, లిండెన్‌మన్ అను శాస్త్రజ్ఞులు కోడిపిండపు పొరలపై పరిశోధనలు జరిపి దీనిని కనుగొనిరి.

అయితే ఈ కేక అందరికిని ఒకే తీరున వినబడదు. కోడి ఇంటర్ఫెరాన్ కోడి కణములను కాపాడును గాని, పశువుల కణములపై అంతగా పనిచేయదు. కనుక మనుష్యులకిచ్చు ఇంటర్ఫెరాన్ మందు కోళ్లను కాపాడునని తలంపరాదు. ఒకే శరీరమునందును భేదము గలదు. మొదటి తరగతి ఇంటర్ఫెరాన్లు దాదాపు అన్ని కణములపై పనిచేయును. 2003లో కనుగొనబడిన లాంబ్డా రకము ముఖ్యముగా శ్వాసమార్గము, ప్రేగుల లోపొరలయందే పనిచేయును.

బాతు కణములలో వైరస్ జాడను పసిగట్టి ఇంటర్ఫెరాన్‌ను పుట్టించు రిగ్-ఐ అను మాంసకృత్తు కలదు. కోడికి అది లేదు. బాతు యొక్క ఆ జన్యువును కోడి కణములలో ప్రవేశపెట్టగా వైరస్ వృద్ధి తగ్గినట్లు 2010లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపెను. అట్లని బాతులకు అపాయమే లేదనరాదు; కొన్ని రకముల వైరస్‌లు వానిని సహితము చంపును.

శీతకాలమున కొల్లేటికి వలసపక్షులు వచ్చును. బాతుల మందలు కోతకోసిన చేలలో మేయును. ఆరోగ్యముగ కన్పట్టు బాతు తన రెట్టద్వారా వైరస్‌ను వెదజల్లవచ్చును. కావున “బాతులు కులాసాగనున్నవి, మన గ్రామమునకు భయము లేదు” అనుకొనుట పొరపాటు.

పంచాయతీ సభ్యులు ఈ క్రింది విషయములను గ్రామస్థులకు తెలియజేయవలెను. కోళ్లను, బాతులను వేర్వేరుగ ఉంచవలెను. అడవిపక్షులు వాలు చెరువునీటిని కోళ్లకు పెట్టరాదు. చచ్చిన కోళ్లను కాలువలలో పారవేయక, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. వ్యాధినివారణకై ప్రభుత్వము వధింపజేసిన పక్షులకే పరిహారము లభించును. అంతకుముందే చచ్చినవానికి లభింపదు. కనుక దాచినచో నష్టము రైతుకును, గ్రామమునకును గూడ కలుగును.