అటకమీది పాత సీసాలు

బెజవాడ యెండలను గూర్చి వినని తెలుగువాడు లేడు. వేసవి ముదిరిన దినములలో ఆ యూర పగటి వేడిమి 45 డిగ్రీలను తాకుట అరుదు కాదు. మనుష్యులు వీథి తలుపులు మూసికొందురు, కుండ నీరు త్రాగుదురు, ప్రొద్దు వాలినదాక బయటికి రారు. అటకమీద నున్న పాత సీసాలను గూర్చి మాత్రము ఎవరును తలపరు. రేకుల కప్పు క్రింది అటక, గదికంటె మరింత కాగును. అక్కడనే సగము వాడిన రంగు డబ్బా, టర్పెంటైను, పెట్రోలు సీసా, నిరుడు మిగిలిన పురుగుమందు, వైద్యుడైన తాతగారి మందుపెట్టె చేరియుండును.

అపాయమెంతటిదో ఒక్క సంఖ్య చెప్పగలదు. ఈథరు మరుగుటకు 35 డిగ్రీల వేడి చాలును. చలిదేశములలో వ్రాసిన రసాయన గ్రంథములు దానిని ద్రవముగా వర్ణించినవి. బెజవాడ మే నెలలో అది పొయ్యి లేకయే మరుగజూచు పదార్థము. సీసాలో ఒత్తిడి హెచ్చును, బిరడా సడలును, ఆవిరి వెలువడును. ఆ ఆవిరి గాలికంటె రెండున్నర రెట్లు బరువైనది; పైకెగసి పోక నేలబారున ప్రాకి ప్రక్కగది పొయ్యిని చేరగలదు. పెట్రోలు ఆవిరియు ఇట్టిదే. కనుక నిప్పు సీసాకు దూరముగ నున్నదిగదా యను ధైర్యము ఇక్కడ చెల్లదు.

కిరసనాయిలు నెమ్మదైనదని గృహిణులు తలంతురు. పెట్రోలుతో పోల్చిన అది నిజమే. నిప్పు చూపగనే ఆవిరి అంటుకొనునంతటి వేడిమి కిరసనాయిలుకు 35 డిగ్రీలకు తక్కువ కారాదని మన దేశపు ప్రమాణము. కాని కృష్ణాతీరమున 35 డిగ్రీలు ఒక హద్దేనా? పుష్యమాసమున నిరపాయముగా నున్న డబ్బా, జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున ఆ హద్దు దాటి కూర్చుండవచ్చును.

ఇది వేడిమి సంగతి. కాలము సంగతి ఇంతకంటె గహనమైనది. నిలువయున్న వస్తువు ఉన్నచోటనే, ఉన్నట్లే యుండునని మన నమ్మకము. ఈథరు అట్లుండదు. గాలియు వెలుతురును సోకినకొలది అందులో పెరాక్సైడులను పదార్థములు పుట్టును. ఇవి ఈథరువలె సులభముగ ఆవిరి కావు. ద్రవము హరించినకొలది ఇవి అడుగున చిక్కబడును. చిక్కబడినవి వేడికో, తాకిడికో ప్రేలును. సీసా ఖాళీయగుచున్నకొలది భయము తగ్గుచున్నదని ఎవరైన అనుకొందురు. ఇక్కడ నిజము తలక్రిందు.

పూర్వపు వైద్యుల యిండ్లలో ఈథరు ప్రక్కనే క్లోరోఫారము ఉండెడిది. తెలుగునేలకు దీనితో చరిత్ర సంబంధము కలదు. దీనివలన రోగికి ప్రాణాపాయమెట్లు కలుగునో తేల్చుటకు హైదరాబాదులో 1888లోను, మరల 1889లోను, నిజాము ఆదరమున క్లోరోఫారము కమిషనులు ఏర్పడి పరిశోధించినవి. క్లోరోఫారము తేలికగ అంటుకొనదు. అయితే గాలి వెలుతురులవలన అది కొంత ఫాస్జీనుగా మారును. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల ఊపిరితిత్తులను చెరిచిన విషవాయువు ఇదియే. గోధుమరంగు సీసాలో, కొలదిగ ఆల్కహాలు కలిపి దానిని భద్రపరచుట ఈ భయముచేతనే. తాతగారి సీసాను వాసన చూచి గుర్తుపట్టుట పిల్లలకు సరదా. పెద్దలు సహింపరాని సరదా.

వేడిమి, కాలము రెండును కలిసినచో ఏమగునో 2020 మే 7వ తేదీన విశాఖపట్టణము చూచెను. కరోనా దినములలో పని ఆగిన ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమున స్టైరీను పెద్ద తొట్టిలో వారముల తరబడి నిలువయుండెను. స్టైరీను అణువులు తమంతట తామే ఒకదానితో నొకటి పెనవేసికొనును. ఆ కలయికవలన వేడి పుట్టును. ఆ వేడి కలయికను త్వరపెట్టును. దీనిని ఆపుటకు నిరోధకమును కలిపి, ద్రవమును చల్లగ నుంచవలెను. తొట్టిలో నిరోధకము తరిగెను. ఉష్ణమాపకము అడుగున ఉండుటచే పైభాగపు వేడి తెలియలేదు. వేకువ కాకమునుపే ఆవిరి వేంకటాపురముపై వ్యాపించి 12 మంది ప్రాణములను గొనెను.

అది కర్మాగారము, ఇది అటక అని త్రోసివేయుటకు వీలులేదు. బందరు తీరమున ఫైబరు పడవల మరమ్మతునకు వాడు రెజినులోను సామాన్యముగ స్టైరీనే యుండును. మిగిలిన డబ్బా ఎండలో పడియున్నచో రెజిను జున్నువలె గట్టిపడుట పనివారెరిగినదే.

డెల్టా రైతు ఇంట మరియొక నిలువ కలదు. నీట కలుపగనే పాలవలె తెల్లబడు పురుగుమందులలో పెక్కింటికి జైలీను వంటి మండు ద్రావకము ఆధారము. మూత సరిగ లేనిచో ద్రావకము ఎగిరిపోవును. విషము చిక్కబడి మిగులును. మరుసటి పంటకు పాత కొలతతోనే కలిపిన మందు, పాత మందు కాదు. దీనిని కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచుట అన్నింటికంటె ఘోరము.

మరి పారవేయుటెట్లు? విజయవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ చేరువనే యున్నవి. చేయి అటు పోవుట సులభము. దిగువ గ్రామముల మంచినీటి చెరువులు నిండునది ఈ కాలువలతోనే. రంగు డబ్బాలు, పురుగుమందు సీసాలు మున్నగు ఇంటి ప్రమాదకర వ్యర్థములను చెత్తలో కలుపక వేరుగా అప్పగింపవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నియమములు విధించినవి.

పాఠశాలలలో ఈథరు సీసా తెరచిన తేదీని దానిపైననే వ్రాయుట మంచి అలవాటు. ఆమ్లము చేర్చిన పొటాసియం అయోడైడు ద్రావణముతో కొంచెము ఈథరును కలిపి చూచిన, పెరాక్సైడు ఉన్నచో పసుపువన్నె తేలును. ఈ పరీక్ష ఉపాధ్యాయునిదే గాని విద్యార్థిది కాదు. మూతచుట్టు తెల్లని పలుకులు కట్టిన సీసాకు ఆ పరీక్షయు కూడదు. మూత త్రిప్పుటలోని రాపిడియే చాలును. దానిని కదపక, అందరను వెలుపలికి పంపి, గది తలుపు మూసి, అగ్నిమాపక దళమునకు 101 సంఖ్యకు తెలుపవలెను.